ఇంటికి పంపిస్తే ఎక్కడికి పోతాం?

ఈ నెల గోడపత్రికకు నన్ను "పొగాకు వలన నష్టాలు" రాయమన్నారు. నష్టాలన్నీ పోయినసారే ఎనిమిదో తరగతి వాళ్ళు రాసేశారు, కేన్సర్ నోరు బొమ్మ కూడా వేశారు. అందుకని నా సంగతి రాస్తున్నాను. దసరా సెలవుల తర్వాత ఖైనీ పొట్లంతో దొరికిపోయింది నేనేనని అందరికీ తెలుసు కాబట్టి దాచేదేమీ లేదు.

మాది బుట్టాయగూడెం అవతల కొండ పక్క గూడెం. మా మామ్మ లంక పొగాకు చుట్ట కాలుస్తుంది. "ఒరేయ్ అయ్యా, చుట్ట ముట్టించుకురారా" అంటే పొయ్యి దగ్గరికి పోయి, ఆరిపోకుండా రెండు దమ్ములు లాగి తెచ్చి ఇచ్చేవాణ్ణి. అప్పుడు నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. ఎవ్వరూ తప్పనలేదు. ఖైనీ మాత్రం హాస్టల్లోనే నేర్చుకున్నాను. ఈ మాట వార్డెన్ గారికి కష్టంగా ఉంటుంది గాని నిజం.

ఇక్కడికి రాకముందు చదివిన బడిలో నాకొక స్నేహితుడు ఉండేవాడు. పేరు రాయను. ఏడో తరగతిలో వాడి ట్రంకు పెట్టెలో ఖైనీ దొరికింది. పదిహేను రోజులు ఇంటికి పొమ్మన్నారు, వచ్చేటప్పుడు నాన్నను తీసుకురమ్మన్నారు. అది సంక్రాంతి వెళ్ళిన తర్వాత. అప్పుడు మా వైపు ఇళ్ళ దగ్గర ఎవరుంటారు? జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు వర్జీనియా పొగాకు కోతలు. గూడెంలో సగం మంది బ్యారన్ల దగ్గరే వండుకుని తింటారు. వాళ్ళ నాన్న బడికి వస్తే ఆ రోజు కూలి పోతుంది, అందుకని రాలేదు. వీడు వాళ్ళమ్మ పక్కన కర్రలకు ఆకు అల్లడానికి కూర్చున్నాడు. పదిహేను రోజులు కాస్తా నెలయింది. బ్యారన్లు ఆగేసరికి పరీక్షలు అయిపోయాయి. పొగాకు పట్టుకున్నాడని పంపిస్తే రోజంతా పొగాకే పట్టుకుని కూర్చున్నాడు. పచ్చాకు తడి చేతులకంటి వాంతులయ్యేవంట. దిష్టి అనుకుని తాయెత్తు కట్టారు. ఆకులోని నికోటిన్ తడి చర్మంలో నుంచి ఒంట్లోకి దిగుతుందని మన సైన్సు మాస్టారు చెబితేనే నాకు తెలిసింది. వాడు మళ్ళీ బడికి రాలేదు.

నేను దొరికిన రోజు నాకు వాడే గుర్తొచ్చాడు. ఎవరూ చెప్పకముందే పెట్టె సర్దేసుకున్నాను. వార్డెన్ గారు వచ్చి చూసి, "పెట్టె లోపల పెట్టు. ఎక్కడికీ పంపను. అట్లాగని ఊరికే వదలను" అన్నారు.

ఒక నోటుబుక్కు ఇచ్చారు. ఖైనీ మీదకు మనసు పోయినప్పుడల్లా టైము, అప్పుడేం చేస్తున్నానో రాయాలి. మొదటి మూడు రోజులు చాలా కష్టం. తలనొప్పి, నిద్ర లేదు, పప్పు నీళ్ళగా ఉందని వంటాయన మీద అరిచాను. (క్షమించాలి. పప్పు మాత్రం నీళ్ళగానే ఉంది.) నెల తర్వాత చూస్తే ఎక్కువసార్లు రాసింది ఆదివారం సాయంత్రాలు. ఎందుకనగా ఆదివారం అందరి అమ్మానాన్నలూ వస్తారు, మావాళ్ళు రారు. వార్డెన్ గారు అది చదివి ఏమీ అనలేదు. తర్వాత ఆదివారం నుంచి కూరగాయల మడికి నీళ్ళు పెట్టడానికి నన్ను తోడు తీసుకుపోతున్నారు.

సైన్సు మాస్టారు నా పొట్లాన్నే పాఠం చేశారు. సున్నం కలిపి నలిపిన ఖైనీని తడిపి ఎర్ర లిట్మస్ కాగితం పెట్టమన్నారు. నీలం అయింది. సున్నం క్షారం. క్షారం తగిలితే నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా తొందరగా నెత్తురులో కలుస్తుందంట. సున్నం రుచి కోసం అనుకుంటున్నాం మనం!

లెక్కల మాస్టారేమో టేపు ఇచ్చి గేటు నుంచి కొట్టు దాకా కొలవమన్నారు. 18 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదని, బడికి 100 గజాల లోపు అసలు అమ్మకూడదని 2003లో చట్టం వచ్చింది. 100 గజాలంటే 91 మీటర్ల 44 సెంటీమీటర్లు. ముప్ఫై మీటర్ల టేపు రెండోసారి పూర్తిగా పరవకముందే కొట్టు వచ్చేసింది. 58 మీటర్లు. ఎన్నిసార్లు పరిగెత్తి వెళ్ళానో ఆ దారిని మోకాళ్ళ మీద కొలిచాను. ఆ చట్టం ప్రకారం అమ్మినవాడికి 200 రూపాయల వరకు జరిమానా. మా స్నేహితుడికి పడింది మొత్తం చదువు. 2015 చట్టంలోనైతే పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్ళకు ఏడేళ్ళ వరకు జైలు అని ఉంది. కొనుక్కున్న పిల్లవాణ్ణి శిక్షించమని ఈ రెండిట్లోనూ లేదు. మేం కొలిచిన కాగితం పంచాయతీకి ఇచ్చాక కొట్టులో వేలాడే దండలు తీసేశారు. లోపల డబ్బాలో ఉన్నాయని వినికిడి.

ఇంటికి పంపకపోతే పిల్లలకు భయం ఉండదని కొందరు మాస్టార్లు అంటారు. భయం ఎప్పుడూ ఉంది. ఆ భయంతోనే కదా బాత్‌రూముల వెనక్కి పోయి తిన్నాం.

నేను పూర్తిగా మానేశానని గొప్ప చెప్పను. మొన్న సంక్రాంతికి మామ్మ చుట్ట ముట్టించమంటే మళ్ళీ రెండు దమ్ములు లాగాను. వచ్చాక అదీ బుక్కులో రాశాను. చూపించడానికి రెండు రోజులు పట్టింది. వార్డెన్ గారు చూసి, తేదీ వేసి సంతకం పెట్టారు, అంతే. ఈసారి ఇంటికి పోతే మామ్మకు చుట్ట, నిప్పు రెండూ అందించి నేను బయటకు పోవాలని అనుకున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు రాశానంటే, మొన్న మంగళవారం ఏడో తరగతి తమ్ముళ్ళిద్దరు దొరికారు. ఈసారి గట్టిగా ఉండాలి, పంపించేద్దాం అన్నారంట. శనివారం మీటింగు. వాళ్ళది మా పక్క గూడెమే. కోతలు నడుస్తున్నాయి, ఇళ్ళకు తాళాలు వేసి ఉంటాయి. నా నోటుబుక్కులో నలభై పేజీలు మిగిలాయి, చెరి ఇరవై వస్తాయి. టేపు బీరువా మీద ఉంది. లిట్మస్ కాగితాలే అయిపోయాయి, సైన్సు మాస్టారు జంగారెడ్డిగూడెం వెళ్ళినప్పుడు తేవాలి.

— 9వ తరగతి, కిటికీ పక్క మంచం