లింకర్ దగ్గర ఆగే ప్రోగ్రామ్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇన్‌స్టిట్యూట్లలో సీ నేర్చుకున్న చాలామందికి టర్బో సీ నీలం తెర గుర్తే. వృత్తం గీసే ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా కంపైల్ అవుతుంది. లింకర్ మాత్రం ‘అన్‌డిఫైన్డ్ సింబల్ _ఇనిట్‌గ్రాఫ్’ అంటూ మొండికేస్తుంది. గ్రాఫిక్స్.హెచ్ అనే హెడర్ ఫంక్షన్ పేరూ తీరూ చెబుతుందంతే. అసలు కోడ్ ఉండేది గ్రాఫిక్స్.లిబ్‌లో. ఆప్షన్స్ మెనూలో లింకర్, అందులో లైబ్రరీస్‌కి వెళ్లి గ్రాఫిక్స్ లైబ్రరీ ఎదుట గుర్తు పెడితే సరి. (కొత్తవాళ్లు ముందు హెడర్‌నే అనుమానిస్తారు, పాపం.) డైరెక్టరీస్‌లో ఇన్‌క్లూడ్ దారి కంపైలర్‌కి, లైబ్రరీ దారి లింకర్‌కి.

జీసీసీ కంపైలర్‌లోనూ ఇదే కథ. గణిత లైబ్రరీకి ‘-ఎల్ఎం’ రాయాలి. లింకర్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది కనుక, అది సోర్స్ ఫైలు పేరు తర్వాతే రావాలి.