జిమ్ములో జోడీ

అరవై నిండి రిటైరయ్యాక మనిషికి మూడు పనులు మిగులుతాయంటారు: గుడికెళ్ళడం, పేపరు చదవడం, ఇంట్లోవాళ్ళ పనికి అడ్డు తగలడం. మొదటి రెండింటికీ నాకు పెద్ద ఓపిక లేదు గనక మూడోదే మనసు పెట్టి చేస్తూ ఉండేవాణ్ణి. ఆరు నెలలు తిరక్కుండానే సుగర్ పెరిగిందన్నారు డాక్టరు గారు. నడక ఒక్కటే చాలదు, కండకి కూడా కాస్త పని చెప్పమన్నారు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందో లేదో, మా ఆవిడ నన్ను మా సాహి చివరున్న జిమ్ములో చేర్పించేసింది.

మాది బరంపురం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై, మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చి చేరేనాటికే మా తాతగారు ఇక్కడ పట్టుచీరల వ్యాపారంలో ఉన్నారు. పాతకాలపు అఖడాలకి మా ఊరు పెట్టింది పేరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చిన కాటులు రవికుమార్ మా ఊరి కుర్రాడే. అలాంటి ఊళ్ళో పుట్టి, అరవయ్యో ఏట మొదటిసారి ఇనుము ముట్టుకున్న ఘనుణ్ణి నేను!

మొదటి రోజు పొద్దున్న ఆరింటికి వెళ్ళేసరికి అక్కడ నాకంటే ముందే వచ్చి, కొత్త బూట్ల లేసులు కట్టుకుంటూ ఒకాయన కనిపించాడు. మా బావ. స్వయానా మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. మా ఇద్దరికీ మాటలు లేక అప్పటికి పదకొండేళ్ళు.

కారణం చెబితే నవ్వుతారు. మా తాతగారింటి వెనక ఒక సందు ఉంది. నాలుగడుగుల వెడల్పు. అది అత్తయ్యకి నోటిమాటగా ఇచ్చానని తాతగారు అన్నారనేది వాళ్ళ వాదన. కాగితాల్లో లేదు కదా అనేది మాది. మాటా మాటా పెరిగింది. నేను సందు మొగలో గేటు పెట్టించి తాళం వేశాను. ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళలో ఆయన పందిరికి ఆ చివర, నేను ఈ చివర. అత్తయ్య పోయినప్పుడు కూడా వెళ్ళాను గానీ, వీధి చుట్టూ తిరిగి వెళ్ళాను.

జిమ్ము కుర్రాడికి ఈ భారతం ఏం తెలుసు? "మౌసా, మీ ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే సుగరు. ఒకరు చేస్తుంటే ఒకరు సపోర్టు ఇచ్చుకోండి" అని ఒడియాలో చెప్పి, తన పని మీద తను పోయాడు.

సపోర్టు అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బెంచి మీద వెల్లకిలా పడుకుని, రాడ్డుని గుండెల దాకా దించి మళ్ళీ పైకి తొయ్యాలి. ఉత్త రాడ్డే ఇరవై కిలోలు. చేతులు అలిసి మధ్యలో ఆగిపోతే అది గుండెల మీదో, ఖర్మ కాలితే మెడ మీదో పడుతుంది. అందుకని తలవైపు ఒక మనిషి నిలబడి, రాడ్డు ఆగిపోతే అందుకోవాలి. అంటే, పదకొండేళ్ళుగా మొహం చూడని మనిషి చేతిలో నా మెడ పెట్టాలన్నమాట!

పడుకుని పైకి చూశాను. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను, దాని కింద తలకిందులుగా మా బావ మొహం.

"ఎన్ని?" అన్నాడు.

"ఎనిమిది" అన్నాను.

పదకొండేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవే. 

అలా మొదలైన జోడీ రెండేళ్ళు నడిచింది. అందులో మంచి ఏమిటో, చెడు ఏమిటో అనుభవం మీద చెబుతున్నాను. జిమ్ముకే కాదు, పొద్దున్న నడకకీ, యోగా క్లాసుకీ కూడా పనికొస్తుందేమో చూడండి.

మొదటి లాభం, వెళ్ళడం. చలికాలం ఆరింటికి దుప్పటి తియ్యబుద్ధి కాదు. కానీ 'వాడు వచ్చి నా కోసం చూస్తుంటాడు' అనుకుంటే లేవక తప్పదు. మా మధ్య అయితే ఇంకో తిరకాసు కూడా ఉంది. నేను రాకపోతే ఓడిపోయాననుకుంటాడని నాకు భయం. ఆయనకీ అదే భయం. ఎవరి పంతం వాళ్ళది, మొత్తానికి ఇద్దరికీ ఆరోగ్యం!

రెండోది, తప్పు చూపించడం. మన వీపు మనకి కనపడదు. బరువు కింద నుంచి ఎత్తేటప్పుడు నా నడుం విల్లులా వంగిపోతోందని నాకేం తెలుసు? "ఒరే, నడుం!" అని ఆయన ఒక్క కేక వేసేవాడు. ఆ ఒక్క కేకే నా వెన్నెముకని కాపాడింది.

మూడోది, విశ్రాంతి కొలత. ఒకడు ఎత్తుతుంటే ఇంకొకడు నిలబడతాడు. దాంతో సెట్టుకీ సెట్టుకీ మధ్య కావలసిన రెండు నిమిషాలు గడియారం చూడకుండానే దొరుకుతాయి.

నాలుగోది చిన్నదే గానీ నాకు చాలా ఇష్టమైనది. చుట్టూ కుర్రాళ్ళు 'ఏక, దుయి, తిని' అని లెక్కపెట్టుకుంటుంటే, మా మూల మాత్రం 'ఒకటి, రెండు, మూడు' వినిపించేది. మా పిల్లలకే తెలుగులో ఇరవై దాకా లెక్క సరిగ్గా రాదు. అలాంటిది ఆ జిమ్ము కుర్రాడు ఆరు నెలల్లో పది దాకా నేర్చుకున్నాడు. 'ఎనిమిది' మాత్రం వాడికి ఇప్పటికీ 'ఎన్మిది'యే.

మా అమ్మాయి మనస్తత్వశాస్త్రం చదువుకుంది. జర్మనీలో కోలర్ అనే ఆయన 1920ల్లో బెర్లిన్ పడవ పోటీల క్లబ్బు వాళ్ళ చేత బరువులెత్తించి చూశాడట. జంటగా చేసినప్పుడు ఇద్దరిలో బలహీనుడు ఒంటరిగా చేసినదానికంటే ఎక్కువసేపు ఓర్చుకున్నాడట. అయితే ఇద్దరి బలానికీ మధ్య తేడా ఒక మోస్తరుగా ఉంటేనే ఈ లాభమట. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. ఫ్రాన్సులో రింగెల్మాన్ అనే ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి చూసి, గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కడి లాగుడు తగ్గుతోందని 1913లో ప్రచురించాడు. పదిమంది పాము చావదని మన పెద్దలు ఊరికే అన్లేదు. ఎవరి లెక్క వారికి విడిగా కనిపించే జోడీ మంచిది, ఎవడేం చేస్తున్నాడో తెలియని గుంపు చేటు అని నాకు అర్థమైంది.

ఇక నష్టాలు. మొదటిది కబుర్లు. మాటలు లేనన్నాళ్ళూ మా వ్యాయామం నలభై నిమిషాల్లో అయిపోయేది. మాటలు కలిశాక గంటన్నర పట్టేది, చెమట మాత్రం సగమే!

రెండోది పోటీ. ఇది ప్రమాదం. ఒక రోజు ఆయన నలభై అయిదు కిలోలు ఆరుసార్లు తోశాడు. అప్పటికి నా బరువు ముప్ఫై అయిదు. "నాకూ అంతే ఉంచు" అన్నాను. "వద్దురా" అన్నాడాయన. ఆ 'వద్దురా'లో నాకు పాత సందు వినిపించింది. పంతంగా పడుకున్నాను. మూడోసారికి కుడి భుజంలో ఏదో కలుక్కుమంది. ఆయన రాడ్డు అందుకోకపోతే ఈ వ్యాసం మీరు చదివేవాళ్ళు కాదు.

భుజం లోపలి కండరం దెబ్బతిందన్నారు. సుగర్ ఉన్నవాళ్ళకి భుజం బిగుసుకుపోవడం మామూలు కంటే ఎక్కువట. మూడు నెలలు చెయ్యి తల దాకా లేవలేదు. చొక్కా మా ఆవిడే తొడిగేది. తొడుగుతూ ఏమేం అనేదో ఈ పత్రికలో రాయడానికి వీల్లేదు.

మూడో నష్టం అప్పుడే తెలిసింది. నేను ఆగిపోతే ఆయనా ఆగిపోయాడు. ఒంటరిగా వెళ్ళబుద్ధి కాలేదట. రెండో నెలకి ఆయన సుగర్ మళ్ళీ మొదటికొచ్చింది. ఇద్దరం ఒకే కొక్కేనికి వేలాడితే జరిగేది అదే. కొక్కెం ఊడితే ఇద్దరూ కిందే.

ఒక సాయంత్రం పెరటి వైపు గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే సందు అవతల మా బావ. చేతిలో పచ్చ రంగు రబ్బరు పట్టీ. భుజానికి మంచిదని తన డాక్టరుని అడిగి తెచ్చాడట. వీధి చుట్టూ తిరిగి రావడానికి మోకాళ్ళు సహకరించక ఇటు వచ్చానన్నాడు. తాళంచెవి కోసం ఇల్లంతా వెతికాం. చివరికి మా ఆవిడ పోపులడబ్బాలో దొరికింది. తుప్పు పట్టి ఎంతకీ తిరగదు. కొబ్బరినూనె వేసి ఆయన అటు నుంచి లాగుతుంటే, నేను ఇటు నుంచి ఎడం చేత్తో తిప్పాను. గేటు తెరుచుకుంది. ఆయన లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏదీ, చెయ్యి ఎంత లేస్తోంది?" అన్నాడు. సందు గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ పట్టీతో రోజూ సాధన చేస్తే, మెల్లగా చెయ్యి తల దాటింది. మళ్ళీ ఇద్దరం జిమ్ముకి వెళ్ళాం, ఈసారి కొన్ని నియమాలు పెట్టుకుని. ఎన్నిసార్లు ఎత్తేదీ ముందే చెప్పాలి. 'పట్టుకో' అనే దాకా, లేదా రాడ్డు కిందికి జారే దాకా వెనకవాడు ముట్టుకోకూడదు. ఎవరి బరువు వారిదే, ఎవరి పుస్తకంలో వారే రాసుకోవాలి. ఒకరు రాకపోయినా రెండోవాడు రావాలి. ఈ చివరి నియమం ఆయనదే. ఎందుకు పెట్టాడో తర్వాత అర్థమైంది. కిందటేడు ఆయన కొడుకు భువనేశ్వర్ తీసుకెళ్ళిపోయాడు, మోకాళ్ళకి వైద్యం అక్కడే అని.

ఇప్పుడు ఒంటరిగా వెళుతున్నాను. ఒంటరి వ్యాయామంలోనూ సుఖముంది. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఎవరికీ రుజువు చెయ్యక్కర్లేదు. మొదట్లో ఒకసారి మాత్రం రాడ్డు గుండెల మీద ఆగిపోతే, పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించుకుని లేచి కూర్చున్నాను. ఫోన్లో చెబితే మా బావ గంట తిట్టాడు. ఒంటరిగా బెంచి మీద చేసేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఇదీ: బరువుని ఆపే అడ్డుకడ్డీలున్న స్టాండులోనే చెయ్యాలి. అది లేకపోతే రాడ్డు చివర్ల క్లిప్పులు పెట్టకూడదు. అప్పుడు ఒక పక్కకి వంచితే ప్లేట్లు జారిపోయి ప్రాణం దక్కుతుంది. అన్నిటికంటే క్షేమం డంబెల్స్, చాతకాకపోతే పక్కన పెట్టెయ్యొచ్చు.

పెద్దవాళ్ళందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. జోడీ దొరికేదాకా ఆగితే ఆ రెండు రోజులూ రావు. దొరికితే వదులుకోవద్దు. దొరకలేదని మానొద్దు.

కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడుగారు చివరి రోజులు మా ఒడిశాలోనే గడిపి 1942లో కన్నుమూశారు. ఆయన గుండెల మీద ఏనుగుని ఎక్కించుకునేవారని చిన్నప్పుడు తాతగారు చెబితే నోరు తెరుచుకుని వినేవాళ్ళం. ఇప్పుడు నాకు ఆ ఏనుగు మావటి గుర్తొస్తున్నాడు. ఆపమన్నప్పుడు ఆపే మనిషి పక్కన ఉన్నాడన్న నమ్మకం లేకపోతే ఎంతటి భీముడైనా అలా పడుకోగలడా?

రోజూ ఏడింటికి భువనేశ్వర్ నుంచి ఫోను వస్తుంది. పలకరింపులేమీ ఉండవు.

"ఎన్ని?" అంటాడు.

"ఎనిమిది" అంటాను.

సందు గురించి ఇప్పటికీ మాట్లాడుకోలేదు. గేటుకి మళ్ళీ తాళం మాత్రం వెయ్యలేదు.