మోరిస్ మైనరు పొంగు

పాలు పొంగితే శుభమని మనవాళ్ళు గృహప్రవేశంనాడు కావాలని పొంగిస్తారు. రేడియేటరు పొంగితే శుభమన్నవాళ్ళని మేమింతవరకూ చూడలేదు. వాకిట్లో కారు కింద పచ్చటి మడుగు కనబడగానే, "హెడ్ గాస్కెట్ పోయింది, ఇక ఇంజను విప్పాల్సిందే" అని ఇంటిల్లిపాదీ దిగాలుపడిపోవడం మాత్రం చాలాసార్లు చూశాము. పొంగులన్నీ ఒకటి కావు. జ్వరాలన్నీ టైఫాయిడ్ కానట్టే.

మా బండి 1967 నాటి మోరిస్ మైనరు, 1098 సి.సి. ఇంజను. 1970లలో ఈ దేశం వచ్చిన మన డాక్టర్లలో కొందరికి మొదటి కారు ఇదే కాబట్టి పరిచయం అక్కర్లేదు. మనదేశంలో 2014 దాకా తయారైన అంబాసిడరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కి పుట్టిన బిడ్డ గనక, వరసకి ఇది ఆ ఇంటి చిన్న పిల్ల. ఘాట్ రోడ్డు మీద బానెట్ ఎత్తి, గోనెపట్టా చేత్తో పట్టుకుని, "బండి మరుగుతోందండీ, కాస్త ఆగాలి" అన్న డ్రైవరు మనందరికీ గుర్తే. ఆ మరుగుడే ఇక్కడ మా మైనరుకీ వచ్చింది.

వచ్చిన సమయం మాత్రం మంచిది కాదు. స్వాన్సీలో ఉన్న మా అమ్మాయి ఈ బండిని తీసుకెళ్ళి తన పిల్లల్ని అందులో తిప్పుతానంది. రెడింగు నుంచి అక్కడికి నూట నలభై మైళ్ళు, ఎక్కువ భాగం ఎం-4 మోటార్వే. దారిలో బండి ఆగిపోతే ఇద్దరు పసివాళ్ళతో హార్డ్ షోల్డరు మీద నిలబడాలి. గ్యారేజీవాళ్ళేమో ఆయిల్ పోసే మూత తీసి, దాని అడుగున పట్టిన తెల్లటి మీగడలాంటి పదార్థం చూపించి, నీళ్ళూ ఆయిలూ కలిసిపోయాయనీ, హెడ్ విప్పి గాస్కెట్ మార్చాలనీ, విప్పాక ఇంకేం బయటపడుతుందో చెప్పలేమనీ అన్నారు. వాళ్ళు చెప్పిన మొత్తం విన్నాక బండి అమ్మేయడమా, బాగు చేయించడమా అన్న చర్చ మా ఇంట్లో రెండు రాత్రులు సాగింది. మాలో ఒకరు ఇంజనీరు, ఒకరు పాథాలజిస్టు. పరీక్ష చేయకుండా కత్తి పెట్టడం ఇద్దరికీ రుచించలేదు.

ముందు మామూలు పొంగు సంగతి. ఇప్పటి కార్లకి ఉండే ప్లాస్టిక్ డబ్బా, అంటే పొంగిన నీళ్ళు పట్టుకుని చల్లారాక వెనక్కి ఇచ్చేది, ఈ బండికి లేదు. రేడియేటరు మెడ పక్కనుంచి సన్నగొట్టం ఒకటి కిందికి దిగుతుంది. ఎక్కువైనదల్లా నేలపాలే. నీళ్ళు 4 డిగ్రీల నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కితే నూటికి 4 వంతుల పైన పెరుగుతాయి. గ్లైకాల్ కలిపినవైతే ఇంకొంచెం ఎక్కువ. 5 లీటర్ల పైచిలుకు పట్టే మా బండిలో అది పావు లీటరుకి అటూ ఇటూ. గ్యారేజీ కుర్రాడు అంచుదాకా నింపి పంపితే ఆ పావు లీటరూ మొదటి ప్రయాణంలోనే బయటికి వస్తుంది. అక్కడితో ఆగితే జబ్బు కాదు, బండి తన మట్టం తానే చూసుకుందన్నమాట. మేము ఒక సన్న కర్రకి గీతపెట్టి, రోజూ పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు ముంచి చూశాము. ఊళ్ళో తిరిగిన వారమంతా మట్టం కదల్లేదు. మోటార్వే మీద అరగంట నడిపి వచ్చిన మర్నాడు మాత్రం రెండంగుళాలు దిగిపోయింది.

రోగి చరిత్రలో సగం రోగం తెలుస్తుందంటారు డాక్టర్లు. గాస్కెట్ పోయిన ఇంజను ఊళ్ళో ఒకలా, మోటార్వే మీద ఒకలా మర్యాద పాటించదు. సిలిండరులో మండిన గాలి నీళ్ళలోకి చొరబడుతుంది గనక, చల్లటి ఇంజను తిప్పిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై గొట్టం రాయిలా బిగుస్తుంది. మూత తీసి, ఫ్యాన్ బెల్టు విప్పి, ఇంజనుని నిమిషంపాటు తిప్పితే బుడగలు ఆగకుండా వస్తాయి. పంపు తిరగదు కాబట్టి, కనబడిన బుడగ గ్యాసుదే. మాకు ఒక్కటీ కనబడలేదు. అయినా అనుమానం పూర్తిగా తీరాలని బెల్టు మళ్ళీ బిగించి, నీలిరంగు ద్రావకంతో చేసే పరీక్ష కూడా చేశాము. వేడెక్కిన రేడియేటరు మెడలోని గాలిని ఆ ద్రావకంగుండా పీలిస్తే, అందులో కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్లయితే నీలం పసుపుపచ్చగా మారుతుంది. బడిలో పిల్లలు గొట్టంతో ఊది రంగు మార్చే బ్రోమోథైమాల్ బ్లూ ఇదే. నీలం నీలంగానే ఉంది.

మరి ఆ మీగడ? చలికాలంలో బజారుదాకా వెళ్ళి వచ్చే పాత ఇంజనులన్నిటిలోనూ అది పట్టవచ్చు. ఆయిల్ బాగా వేడెక్కక, లోపలి తేమ ఆవిరై పోక, మూత అడుగున చేరుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, మూతకి మాత్రమే మీగడ పట్టిందంటే దాన్ని బట్టి ఇంజను విప్పించుకోనక్కర్లేదు.

తర్వాత రేడియేటరు మూత వంతు. మన కుక్కరు మీద వెయిటు చేసే పనే ఇది చేస్తుంది. మా బండి మూత చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిది. ఆ ఒత్తిడిలో నీళ్ళు 111 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు చిట్లితే ఆ పదకొండు డిగ్రీల రక్షణా పోయినట్టే. మా మూత రబ్బరు చిట్లే ఉంది. అయితే మూతల్లో పొడుగువీ పొట్టివీ రెండు రకాలున్నాయి. పొడుగు మెడకి పొట్టి మూత పెడితే పైకి బిగిసినట్టే ఉంటుంది, లోపల రబ్బరు అడుగు అంచుని తాకదు. అంచేత కొలిచి కొన్నాము. కొత్త మూతతో పొంగు తగ్గింది గాని పోలేదు. 13 పౌండ్ల మూత పెట్టేయమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. యాభై ఏళ్ళు దాటిన టంకాలమీదా, హీటరు గొట్టాలమీదా ఆ బరువు పెట్టడం రోగికి నొప్పి తెలియకుండా మత్తుమందివ్వడం లాంటిది.

ఇక్కడ ఒక్కమాట. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎవరూ తీయవద్దు. ఒత్తిడి పోయిన మరుక్షణం 105 డిగ్రీల నీళ్ళు మరిగి ఆవిరితో సహా ముఖం మీదికి లేస్తాయి. మాకు తెలిసిన సర్జనుగారొకరు తొందరపడి తీసి, కుడిచెయ్యి కాల్చుకుని, రెండు నెలలు థియేటరుకి దూరమయ్యారు. రెండోది, పొంగిన పచ్చనీళ్ళని వెంటనే కడిగేయాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లులూ కుక్కలూ నాకుతాయి, కొద్దిగా తాగినా మూత్రపిండాలు పోతాయి. పసిపిల్లలకీ అదే ప్రమాదం.

థర్మోస్టాట్‌ని విప్పి, వంటింట్లో పాత గిన్నెలో దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచాము. 82 డిగ్రీలకి బుద్ధిగా తెరుచుకుంది. మన ఊళ్ళలో దీన్ని అసలు తీసి పారేసేవారు. ఇక్కడి చలిలో అలా చేస్తే ఇంజను వేడెక్కదు, హీటరు చల్లగాలి కొడుతుంది.

మిగిలింది రేడియేటరే. మూత తీసి, దూరంగా నిలబడి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజను తిప్పాము. నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ మట్టం నిలకడగా ఉంది. వేగం పెంచగానే నీళ్ళు మెడదాకా లేచి పొర్లాయి. పంపు తోసినంత నీరు సన్నగొట్టాలు దింపలేకపోతున్నాయన్నమాట. ఇంజను ఆపి, వెనక వైపునుంచి రేడియేటరు మీద జాగ్రత్తగా అరచెయ్యి జరిపితే, మధ్యలో వేడి, రెండు పక్కలా నిలువు చారలుగా చల్లదనం. ఆ చారల్లో నీరు పారడం లేదు.

కారణం మా కెటిల్ చూస్తే తెలుస్తుంది. రెడింగు నీళ్ళు సుద్దరాళ్ళ నీళ్ళు, వారంలో అడుగున తెల్లటి పొర కడతాయి. ఎన్నేళ్ళుగా ఎందరు యజమానులు కుళాయి నీళ్ళు పోశారో! తలకిందులుగా పైపు పెట్టి కడిగితే ఎర్రటి తుప్పునీళ్ళు రెండు బకెట్లు వచ్చాయి, సగం నయమైంది. చివరికి రేడియేటర్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాము. ఆయన దీపంతో టంకం కరిగించి, పై తొట్టి ఎత్తి, రెండు పక్కలా మూసుకుపోయిన గొట్టాలు వేలితో చూపించాడు. కొత్త కోరు వేయించాము. ఖర్చు గ్యారేజీ చెప్పినదాంట్లో ఐదోవంతు కాలేదు.

కట్టి ఏళ్ళు నలభై దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకి 2018 మే నుంచి ఎం.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. అంచేత చూసుకునే పూచీ మనదే. శుద్ధిచేసిన నీళ్ళలో పాతరకం నీలిరంగు యాంటీఫ్రీజు సగానికి సగం కలిపి, మెడకి అంగుళం కిందిదాకా పోసి, మోటార్వే మీద గంటన్నర నడిపి చూశాము. మర్నాడు పొద్దున్న కర్ర తడి గీత దగ్గరే ఉంది. ఆ శనివారం అమ్మాయి వచ్చి తీసుకెళ్ళింది. కర్ర కూడా డిక్కీలో పెట్టి పంపాము. వేల్సు నీళ్ళు మెత్తనివట, కెటిల్ తెల్లబడదట. అయినా రేడియేటర్లో కుళాయి నీళ్ళు పోయవద్దని రెండుసార్లు చెప్పాము.