బండి ఱ

మీరు నవ్వనని మాటిస్తే ఒక సంగతి చెబుతాను. ఈమధ్య నేను కంప్యూటర్లో బ్రౌజరుకి ఒక ఎక్స్‌టెన్షన్ తయారుచేశాను. బి.ఏ. చదివి, నవలలు రాసుకుంటూ, మిక్సీ ఆగిపోతే మావారికి ఫోన్‌చేసే నేను! మావారు ఈ మాట విని, పేపరు పక్కకి తీసి నాకేసి ఒకసారి చూసి, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. నమ్మలేదని వేరే చెప్పాలా?

అసలు సంగతి మా అమ్మతో మొదలైంది.

అమ్మ సికింద్రాబాదులో ఒక ఆడపిల్లల బళ్ళో తెలుగు పంతులమ్మ. రిటైరయ్యాక, 2004లో, ఒక చిన్న ఇంటర్నెట్ పత్రికకి తన జ్ఞాపకాలు రాసింది. మొత్తం అయిదు. మొదటిదాన్ని నేనే సాపు రాసి పంపాను. పత్రికలో వచ్చాక ప్రింటు తీయించి చేతికిచ్చాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "నా బండి ఱలన్నీ ఏవే?" అంది.

అమ్మ "ఎఱ్ఱ" అని రాసినచోటల్లా నేను "ఎర్ర" అని దిద్దేశాను మరి. "ఇప్పుడెవరు రాస్తున్నారమ్మా బండి ఱ? చూసినవాళ్ళు నవ్వుతారు" అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. మిగతా నాలుగూ తనే కవర్లో పెట్టి పోస్టు చేసుకుంది. నాకూ పౌరుషం వచ్చింది. అవి వచ్చిన రోజున పేజీలు దాచి సీడీకి ఎక్కించానే గాని, చదవలేదు. రేపు చదవచ్చులే అనుకున్నాను. ఆ వయసులో రేపులకేం కొదవ!

తర్వాత ఆ పత్రిక మూతపడింది. మా పాత కంప్యూటరు పాతసామానువాడి బండెక్కింది. రెండేళ్ళ కిందట అమ్మా వెళ్ళిపోయింది. మొన్న ఆబ్దికానికి ముందు బీరువా సర్దుతుంటే సీడీ దొరికింది. ఆత్రంగా తెరిస్తే ఏముంది? ఇంగ్లీషు అక్షరాలు, తోకలు, చుక్కలు, డాలరు గుర్తులు. ఒక్క తెలుగు ముక్క లేదు.

"ఆ ఫాంటు ఇప్పుడు లేదు పిన్నీ" అన్నాడు మా అక్క కొడుకు. ఇంజనీరింగు చదువుతున్నాడు.

వాడు చెప్పినదాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి అక్షరానికీ లోకమంతటికీ ఒకటే నంబరు. తెలుగు 1991లోనే అందులో చేరింది గాని, మన ఇళ్ళలో కంప్యూటర్ల దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా ఒక్కో పత్రికా ఒక్కో ఫాంటు పెట్టుకుంది. ఈనాడుది ఒకటి, వార్తది మరొకటి. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. పైన తెలుగు వేషం. ఫాంటు పోయిందంటే వేషం పోయినట్టే.

ఈ చిక్కు విడదీయడానికి వెన్న నాగార్జునగారని, 2003లో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టినాయన, ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ చేశారు. రకరకాల పత్రికల ఫాంట్లని అది అక్కడికక్కడ యూనికోడ్‌లోకి మార్చేది. నాలాంటివాళ్ళు ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు రాసుకునే 'లేఖిని' వెనకాల ఉన్నదీ ఈ పద్మే. మేముండేది పద్మారావునగర్. పేరు వినగానే శకునం బాగుందనుకున్నాను.

కాని 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్సు 57 నుంచీ పాతరకం ఎక్స్‌టెన్షన్లు పనిచేయడం మానేశాయి. పైగా మా చిన్న పత్రిక ఫాంటు పద్మ జాబితాలో లేదు.

"అయితేనేం? దాని సోర్స్ కోడ్ అందరూ చూసేలా ఉంచారు. అది చూసి మన ఫాంటుకి మనమే చేసుకుందాం" అన్నాడు వాడు.

సోర్స్ కోడ్ అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకున్నాను. తీరా చూస్తే మన గిర్ని వ్యవహారమే. ప్యాకెట్ పిండి కొంటే అందులో ఏం కలిసిందో తెలీదు. మోండా మార్కెట్లో గోధుమలు కొని, మనమే బాగుచేసుకుని గిర్నిలో పట్టించుకుంటే ప్రతి గింజా మనకి తెలుసు. అంతే తేడా.

కోడ్‌లో ముఖ్యమైనది ఒక పట్టిక. ఈ గుర్తుకి ఈ అక్షరం అని వరసగా ఉంటుంది. మా పట్టికకి ఆధారం అమ్మ మొదటి వ్యాసం. దాని ప్రింటు అమ్మ భారతం పుస్తకంలో దాచుకుంది. ప్రింటు ఒకపక్క, సీడీలోని పిచ్చిగీతలు ఒకపక్క పెట్టుకుని, నాలుగు సాయంత్రాలు ఒక్కొక్క గుర్తే పోల్చాను. గుడి పెట్టిన హల్లుకి వేరే గుర్తు, కొమ్ముకి వేరే గుర్తు. క్రావడి అయితే అక్షరం కంటే ముందే వచ్చి కూర్చుంది! పెళ్ళివారికంటే ముందు బంతిలో కూర్చునే చుట్టంలాగ. దాన్ని వెనక్కి పంపే పని మావాడు చూశాడు.

తర్వాత మేనిఫెస్టు అని చిన్న ఫైలు. ఎక్స్‌టెన్షన్ పేరేమిటి, ఏ పేజీల మీద పనిచేయాలి అని రాసే జాతకచక్రం అనుకోండి. అన్నీ ఒక ఫోల్డర్లో పెట్టి, ఫైర్‌ఫాక్సులో తాత్కాలికంగా ఎక్కించే మీట నొక్కాను. తప్పుందని తిప్పికొట్టింది. ఒక కామా మరిచిపోయానట! పాతికేళ్ళుగా కామాలతో కాపురం చేస్తున్నదాన్ని.

కామా పెట్టాక పేజీ ఒక్కసారి కళ్ళు తెరిచింది. అమ్మ మాటలు, అచ్చ తెలుగులో.

మర్నాడు పొద్దున్న మళ్ళీ డాలరు గుర్తులే! తాత్కాలికంగా ఎక్కించింది బ్రౌజరు మూసేస్తే పోతుందట. ఒకప్పుడు గెజిటెడ్ ఆఫీసరు సంతకం లేని సర్టిఫికెట్ చెల్లనట్టు, 2016 నుంచీ మామూలు ఫైర్‌ఫాక్సులో మొజిల్లావారి సంతకం లేనిది నిలవదు. ఊరందరికీ పంచకుండా మన మట్టుకు వాడుకునేదైనా సంతకం వేయించుకోవచ్చు. "ముందు నాలుగూ చదివి చూడు పిన్నీ, తప్పులుంటే దిద్ది అప్పుడు పంపుదాం" అన్నాడు వాడు.

రెండో వ్యాసం తెరిచాను. సాఫీగా సాగుతోంది. ఒకచోట "గు" తర్వాత రెండు పిచ్చి గుర్తులు, ఆపైన సున్న.

"ఫైలు పాడైనట్టుంది" అన్నాడు వాడు.

పాడవలేదు. నాకు చప్పున తట్టింది. అది గుఱ్ఱం. పట్టికలో బండి ఱ లేదు. ఎలా ఉంటుంది? పట్టికకి ఆధారమైన వ్యాసంలోంచి వాటిని తీసేసింది నేనేగా!

"ఆ అక్షరం ఒకటుందా పిన్నీ?" అన్నాడు వాడు. ఉంది నాయనా, యూనికోడ్ వాళ్ళు కూడా దానికో నంబరిచ్చారు, 0సి31. అక్షరానికొకటి, దాని వత్తుకొకటి, రెండు వరసలు నా చేత్తో పట్టికలో చేర్చాను. మళ్ళీ ఎక్కించాను.

అప్పుడు చదివాను. అమ్మకి అక్షరాలు దిద్దించింది వాళ్ళ నాన్నట. అరుగు మీద ఇసక పోసి, బండి ఱ రాసి, "ఇదిగో బండి. దీనికి గుఱ్ఱాన్ని కట్టు చూద్దాం" అనేవాడట. ఆయన పోయేనాటికి అమ్మకి ఏడేళ్ళు. ఆయన ముఖం తనకి సరిగ్గా గుర్తులేదని, ఇసకలో ఆ వేలు మాత్రం గుర్తుందని రాసింది.

ఇరవై ఏళ్ళు ఈ మాట నా బీరువాలో ఉంది.

ఎక్స్‌టెన్షన్ని సంతకానికి పంపించాం, వచ్చేసింది. ఇప్పుడు బ్రౌజరు మూసినా అమ్మ ఎక్కడికీ వెళ్ళదు. అక్క కూడా తన కంప్యూటర్లో పెట్టించుకుంది.

ప్రూఫులు దిద్దేవారికి ఒక మనవి. ఈ వ్యాసంలో బండి ఱ కనిపించినచోట దయచేసి దిద్దవద్దు.