మా కచ్చురం

మా టీమ్‌లో డల్లాస్‌లో ఉండే ఒకతను రెండేళ్ళుగా ఒక పాత ట్రావెల్ ట్రైలర్ బాగుచేస్తున్నాడు. ఎయిర్‌స్ట్రీమ్ అట, కారు వెనక తగిలించుకుని పోయే అల్యూమినియం డబ్బా ఇల్లు. ఆ కంపెనీ 1930లలో మొదలైంది, పాతవి కొని బాగుచేసుకోవడం అక్కడొక పిచ్చి. ప్రతి సోమవారం కాల్‌లో ముందు ఆ ట్రైలర్ ఫొటోలు, తర్వాతే పని. ఒకరోజు నోరు ఊరుకోక "మా ఇంట్లో కూడా ఒకటుంది, ఎద్దులు లాగుతాయి" అనేశాను. అందరూ నవ్వారు. ఆ రాత్రే నానమ్మకి ఫోన్ చేసి కచ్చురం ఇంకా ఉందా అని అడిగాను.

"కొట్టంల పడున్నది, చెదలు తింటున్నయి" అంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కచ్చురం అంటే పైన గూడు కట్టిన ఎడ్లబండి. కచ్చడం అని కూడా అంటారు. మామూలు బండి ఎరువుకీ, ధాన్యానికీ. కచ్చురం మాత్రం మనుషులకే. లోపల గడ్డి పరిచి, మీద బొంత వేసి, ముందూ వెనకా చీర కడితే అదే ఇల్లు. మా ఊరు డిండి దగ్గర, శ్రీశైలం హైవే దిగి లోపలికి పోవాలి. పాత నల్లగొండ జిల్లాకి అది చివర, కొంచెం ముందుకు పోతే పాత పాలమూరు. ప్రతి శ్రీరామనవమికీ నానమ్మ పిల్లల్నీ, సద్దిమూటనీ, నీళ్ళ కుండనీ ఎక్కించుకుని శిర్సనగండ్ల గుట్ట మీది రాములవారి జాతరకి అందులోనే పోయేదట. (2016లో జిల్లాలు విడగొట్టాక శిర్సనగండ్ల నాగర్‌కర్నూల్‌లోకి పోయింది. రాములవారికి ఏ జిల్లా అయితే ఏంటి లెండి :)) ట్రాక్టర్ వచ్చింది, ఎద్దులు పోయాయి, కచ్చురం కొట్టంలోకి పోయింది.

దసరా సెలవులకి పోయి చూశాను. గూడు వెదురంతా పొడి పొడి. నొగలు, కాడి, ఇరుసు బాగానే ఉన్నాయి. ఒక గిర్ర పర్వాలేదు. రెండోది మాత్రం నేలకి ఆనినచోట రెండు పూటీలు పుచ్చిపోయి, ఇనుప పట్టా వదులై వేలాడుతోంది. సాఫ్ట్‌వేర్ వాడికి పుచ్చిన చక్రాన్ని చూస్తే ఏం తోస్తుంది? కొత్త వర్షన్! టైరు చక్రాలు వేయిద్దాం అనుకున్నా. టెన్త్ దాకా నా పక్క బెంచీలో కూర్చున్న దోస్తుని పిలిచాను. వాళ్ళది వడ్లోళ్ళ ఇల్లు. వాడు దేవరకొండలో తలుపులు, కిటికీలు చేసే షాపు నడుపుతాడు.

వాడు చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, "టైర్లేస్తె ఇది కచ్చురం ఎట్లయితదిరా? ఆగు, మా నాయిన్ని అడుగుదం" అన్నాడు.

వాళ్ళ నాయినకి అరవై దాటాయి. కుడి చెయ్యి సరిగ్గా లేవదు. 1970లో, మా నాన్న పుట్టిన ఏడు, ఈ కచ్చురం చేసింది ఆయన తండ్రే. అప్పుడు ఈయనకి తొమ్మిదేళ్ళు, కొలిమి దగ్గర తిత్తి ఊదేవాడట. నన్ను చూడగానే "రా చిన్న పటేలా" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, బెంగళూరులో అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి, నన్ను పటేలా అంటుంటే ఏదోలా అనిపించింది. "కాకా, పేరు పెట్టి పిలువు" అంటే నవ్వి ఊరుకున్నాడు.

పూటీలకి నల్లతుమ్మ కావాలి. మా పొలం గట్టు మీద ఒక చెట్టుంది, కొట్టిద్దామన్నాను. "పచ్చి కట్టెతోని చేస్తె ఎండకాలం గిర్ర ఊడొస్తది" అని, కొడుకుని అటక ఎక్కించి రెండు దుంగలు దింపించాడు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరి బండికో తెచ్చిపెట్టాడట. ఆ ఎవరో ట్రాక్టర్ కొనుక్కున్నారు, దుంగలు అటక మీదే ఉండిపోయాయి.

అక్కడినుంచి నెలకి రెండు శనాదివారాలు ఊరికి. గిర్రకి పన్నెండు ఆకులు, ఆరు పూటీలు, మధ్యలో కుండ. ఒక్కో పూటీకి రెండు ఆకులు దిగాలి. కాక మంచం మీద కూర్చుని చెప్పడం, దోస్తు చెక్కడం, నేను పట్టుకోవడం. నా ఉద్యోగం పట్టుకోవడమే, డిగ్రీ ఏమీ అడ్డు రాలేదు.

అసలు పని పట్టా ఎక్కించడం. నాలుగున్నర అడుగుల గిర్ర. పట్టా దాని చుట్టుకొలత కంటే చిన్నదిగా ఉండాలి. కాల్చి పెద్దది చేసి, గిర్రకి తొడిగి, నీళ్ళు పోస్తే బిగుసుకుంటుంది. ఎంత చిన్నదిగా? "బొటనవేలంత" అన్నాడు కాక. నేను ఫోన్ తీసి లెక్కేశాను. మీటరు ఇనుము ఒక్క డిగ్రీకి సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. మన పట్టా 4.3 మీటర్లు. 500 డిగ్రీలకి కాలిస్తే 26 మిల్లీమీటర్లు, అంటే అంగుళం. ఆయన వేలు ముప్పావు అంగుళం. తొడగడానికి పావు అంగుళం సందు. సరిగ్గా సరిపోయింది! గర్వంగా చెప్పాను. "అయితె నా వేలు పాసయిందన్నట్టు" అన్నాడు.

మొదటిసారి మాత్రం ఫెయిలయ్యాం. పిడకలు చాలవు, ఇంకొన్ని పేర్చమని ఆయన అంటూనే ఉన్నాడు, చాలులే అని నేనే తొందరపెట్టాను. పట్టా ఒకవైపు కాలింది, ఒకవైపు కాలలేదు. సగం ఎక్కి ఇరుక్కుంది. నీళ్ళు పోసేలోపు కొత్త పూటీ ఒకటి మాడిపోయింది. ఇరవై ఏళ్ళు దాచిన కట్టె! అన్‌డూ లేదు. కాక ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఆ సాయంత్రం కాలువ గట్టు మీద కూర్చున్నప్పుడు దోస్తు అన్నాడు: "ఒకటడుగుత, కోపం చేస్కోకు. ఈ కచ్చురానికి మీ తాత ఎంతిచ్చిండో ఎరుకనా?"

నాకు తెలియదు.

"ఏం ఇయ్యలె. మేరలనే కలిపిండట."

మేర అంటే పంట ఇంటికొచ్చినప్పుడు వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఇళ్ళకి రైతులు కొలిచిచ్చే గింజలు. నాగళ్ళు, గుంటకలు చేసిపెట్టినందుకు అది. కచ్చురం నాగలి కాదు కదా, షోకు. రెండు నెలల పని నాగళ్ళ లెక్కలో పోయింది. వాడే మళ్ళీ అన్నాడు, "మా తాత చేసిండు గని, మా ఇంట్ల ఎవ్వరు దాన్ల ఎక్కలె."

అప్పటిదాకా నేను ఆఫీసులో ఫొటోలు చూపించి 'మా తాత బండి' అంటున్నాను. తాత మంచివాడే, నన్ను భుజాల మీద తిప్పాడు. కానీ మంచివాళ్ళు కూడా అప్పటి లెక్కలోనే బతికారు, ఆ లెక్కలో మాకు మిగిలింది, వాళ్ళకి తరిగింది. పాతదాన్ని బాగుచేయడమంటే కట్టె, ఇనుము అనుకున్నాను. లోపల ఇది కూడా ఉందని తెలియదు.

మాడిన పూటీకి బదులు ఇంకో ఊళ్ళో పాత బండి విప్పి ఎండిన కట్టె సంపాదించాడు దోస్తు. రెండోసారి పిడకలు కాక చెప్పినన్ని పేర్చాం. ఎర్రగా కాలిన పట్టాని నలుగురం పట్కార్లతో ఎత్తి వేశాం, సుత్తి దెబ్బలు, ఆపైన బిందెలకొద్దీ నీళ్ళు. ఆవిరిలో ఆకులన్నీ ఒక్కసారి కిర్రుమని కుండలోకి బిగుసుకున్నాయి. ఆ చప్పుడు వినే కాక లేచి లోపలికి పోయాడు, చూడలేదు కూడా.

డబ్బుల మాట ఎట్లా ఎత్తాలా అని నేను నానా అవస్థ పడుతుంటే ఆయనే తేల్చేశాడు. "మా పని పన్నెండు వేలు. కట్టె, పట్టా పైసలు వేరె." పాతదాని సంగతి నేను నసిగితే, "అది మా నాయినతోనే పాయె. గిప్పటిది ఇయ్యి, సాలు" అన్నాడు. ఇచ్చాను. బేరమాడలేదు, ఎక్కువా ఇవ్వలేదు. ఎక్కువిస్తే అది మళ్ళీ పటేలు దానమే అవుతుందని భయం.

ఈ నవమికి అరువు ఎద్దులతో బయల్దేరాం. నానమ్మ లోపల, దోస్తు పగ్గాలు పట్టాడు. కాక ఎక్కనన్నాడు, గిర్ర పక్కన నడిచాడు. ఊరు దాటాక ఆపమన్నాడు. "ఇరుసు సప్పుడు జేస్తున్నది. లోపల కూసుంటెనే ఎటుదిక్కో ఇనవడ్తది" అని ఎక్కి, బొంత మీద కూర్చుని చెవి ఆనించాడు. నానమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది.

శిర్సనగండ్ల దాకా ఇరుసు మళ్ళీ చప్పుడు చేయలేదు. ఆయన దిగనూ లేదు.