సుగ్రా హుమాయూన్ మీర్జా: నవల నుంచి బడి దాకా

చిట్కుల్, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చేవారికి హైదరాబాదులోని మెహదీపట్నం దగ్గర తగిలే హుమాయూన్ నగర్ ఒక బారిస్టరు పేరుతో వెలసిన పేట కాగా, అక్కడి సఫ్దరియా బాలికల పాఠశాల ఆయన భార్య, ఉర్దూ నవలా రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా (1884–1958) తన తండ్రి సఫ్దర్ అలీ పేరిట 1934లో నెలకొల్పినది. నిజాం సైన్యంలోని వైద్యుని ఇంట, ఉన్నత కుటుంబంలో పుట్టిన ఆమె, స్త్రీలు పరపురుషుల కంటపడకుండా మెలగే పరదా ఆచారాన్ని విడిచి సభలలో ప్రసంగించారు. నవలలతోపాటు సఫర్‌నామాలు, అనగా యాత్రా కథనాలు, రచించి, 'అన్నిసా' అనే స్త్రీల పత్రికను నడిపారు. రాసుకునే తీరిక కలిగిన ఇంట పుట్టడం అదృష్టమే కావచ్చు గాని, ఆ కలిమిని ఇతరుల ఆడపిల్లల చదువుకు మళ్లించడం మాత్రం ఆమె సొంత నిర్ణయం. తెలంగాణ నవలా చరిత్రను తెలుగు పుస్తకాలకే పరిమితం చేసేవారికి ఈ పేరు కనబడదు.