మోపెడ్‌కి వెనక షాకులు

వెనక షాకబ్జార్బర్లు లేని మోపెడ్ నడిపితే రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా నడుముకే తెలుస్తుంది. చక్రాన్ని ఫ్రేముకే బిగించేస్తారు. టైర్లో గాలీ, సీటు కింది స్ప్రింగులూ ఎంత ఆపితే అంతే.

ఫ్రాన్స్‌లో మోటోబెకాన్ కంపెనీ 1949లో మొదలుపెట్టిన మోబిలెట్ మోపెడ్లలో ఇలాంటివీ ఉన్నాయి, వెనక స్ప్రింగులతో వచ్చినవీ ఉన్నాయి. ఆ కంపెనీ సహకారంతోనే మన తిరుపతిలో మోపెడ్స్ ఇండియా సువేగా బండ్లు తయారుచేసింది. అలాంటి పాత బండికి ఇంట్లోనే షాకులు పెట్టుకోవాలని ముచ్చటపడేవాళ్లు సాధారణంగా ముందు షాకుల వేటలో పడతారు. అసలు అది చివరి పని. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి, అంటే స్వింగ్ ఆర్మ్, ఏ బోల్టు మీద ఊగాలో తేలితే సగం పని అయినట్టే.

ఎందుకంటే చైన్ ఉంది. మోబిలెట్‌లో ఇంజన్ బెల్టు, పెడళ్ల ఇరుసు మీదున్న పెద్ద పుల్లీని తిప్పుతుంది. వెనక చక్రానికి చైన్ అక్కడి నుంచే వెళుతుంది, పెడళ్ల చైన్ కూడా ఆ ఇరుసు దగ్గరే మొదలవుతుంది. స్వింగ్ ఆర్మ్ సరిగ్గా ఆ ఇరుసు మీదే ఊగగలిగితే చక్రం ఎంత లేచినా రెండు చైన్ల బిగువూ మారదు. అక్కడ చోటుండదు కాబట్టి బోల్టుని దాని వెనకే, వీలైనంత దగ్గరగా పెట్టాలి. అప్పుడు పెడళ్ల ఇరుసు, బోల్టు, చక్రం ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగువుగా ఉంటుంది. చైన్ వదులు సరిచూడాల్సింది సరిగ్గా అప్పుడే. బండిని స్టాండు మీద ఉంచి, చక్రం వేలాడుతుండగా చైన్ సర్దితే, మనిషి ఎక్కి కూర్చోగానే అది తీగలా బిగుసుకుపోతుంది.

బరువు లెక్క కూడా ముఖ్యం. వెనక చక్రం మీద 70 కిలోలు పడుతున్నాయనుకుందాం. షాకుల్ని ఆర్మ్‌కి సరిగ్గా మధ్యలో నిలువుగా బిగిస్తే రెండూ కలిసి 140 కిలోలు మోయాలి. చక్రం దగ్గరగా జరిపితే ఆ భారం తగ్గుతుంది. షాకుల పై కొసని ఫ్రేము పల్చటి రేకుకి అతికితే ఆ రేకు చిరుగుతుంది, లోపల పట్టీ వేయాల్సిందే.

వెల్డింగ్ దగ్గర మొండిధైర్యం పనికిరాదు. కొన్ని మోబిలెట్లలో పెట్రోలు ట్యాంకు ఫ్రేములో భాగమే. పెట్రోలు తీసేసినా లోపల ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఈ ఒక్క పనీ తెలిసిన వెల్డర్‌కి అప్పగించడమే మేలు.

బ్రేకు డ్రమ్ము పట్టీని ఫ్రేముకి కాక ఆర్మ్‌కే బిగించాలి, లేకపోతే చక్రం లేచి దిగినప్పుడల్లా ఆ పట్టీ అడ్డుపడుతుంది. మన దగ్గరైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది: ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కాబట్టి కట్టర్ చేతపట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోవాలి.